జంటగానే ఇస్తాం అన్న మాట మీద నా పేచీ

పోయిన ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. అట్టపెట్టెలో రెండు కుక్కపిల్లలు. నల్లదాని మెడ మీద తెల్లమచ్చలది తల వాల్చి నిద్రపోతోంది. కింద ఇలా ఉంది: "ఏడు వారాల అక్కచెల్లెళ్ళు. మంచి ఇల్లు కావాలి. జంటగానే ఇస్తాం. దయచేసి విడదీయమని అడగొద్దు." పది నిమిషాల్లో పదిహేడు గుండె బొమ్మలు పడ్డాయి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమన్నప్పుడు, మళ్ళీ 22న పిచ్చికుక్కల్నీ మీదపడి కరిచేవాటినీ తప్పించి మిగతావాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకొచ్చిన చోటే వదలమన్నప్పుడు, ఇదే గ్రూపులో రెండు పార్టీలై కొట్టుకున్నారు. ఆ రెండు పార్టీలూ ఈ ఫొటో కింద ఒక్కటయ్యాయి.

నేను మాత్రం ఆ "జంటగానే" దగ్గర ఆగిపోయాను. గ్రూపులో రాస్తే కసాయివాణ్ణి అయిపోతాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. విడదీయండి. ఒకే తల్లి పిల్లల్ని, అదీ ఒకే ఈడువాటిని, రెండింటినీ ఒకే ఇంటికి ఇవ్వకండి. ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి. ఇది చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. నేను తీసుకున్నాను.

చిట్టి, పొట్టి

నాలుగేళ్ళ కిందటి సంగతి. వానాకాలం. హైదరాబాద్‌లో సైనిక్‌పురి వైపు మా వీధి చివర కొబ్బరిబోండాల బండి కింద, తడిసిన గోనెపట్టా మీద రెండూ ముడుచుకుని ఉన్నాయి. తల్లిని ముందురోజు లారీ గుద్దిందని బండతను చెప్పాడు. మిగతా పిల్లల్ని ఎవరెవరో పట్టుకెళ్ళారట. మా అమ్మాయి ఒకదాన్ని ఎత్తుకుంది. రెండోది కుయ్యిమంది. అంతే, అయిపోయింది. "ఒక్కటైతే బెంగ పెట్టుకుంటుంది నాన్నా, రెండైతే ఒకదానికొకటి తోడు" అంది. ఈ మాట మన ఇళ్ళల్లో కొత్తా ఏమన్నా? ఒక్క బిడ్డతో సరిపెట్టుకున్న వాళ్ళని పెళ్ళిళ్ళలో పక్కకి పిలిచి పెద్దవాళ్ళు చెప్పేది ఇదేగా. ఇంకొకర్ని కనేయండి, వాళ్ళే ఆడుకుంటారు, మీకు శ్రమ తగ్గుతుంది అని. అలా విని కన్నవాళ్ళకి శ్రమ ఎంత తగ్గిందో నేనెప్పుడూ అడగలేదు.

పేర్లు మా అమ్మ పెట్టింది. చిట్టి, పొట్టి. జంటకి పేర్లు కలవాలి కదా మనకి. నెల తిరిగేసరికి "చిట్టీ" అంటే రెండూ పరిగెత్తుకొచ్చేవి. "పొట్టీ" అన్నా రెండూ వచ్చేవి. ఎంత తెలివైనవో అని మురిసిపోయి చుట్టాలకి వీడియోలు కూడా పంపాం. మూడో నెలలో, పరిస్థితి చేయి దాటుతోందని ఒక ట్రెయినర్‌ని పిలిపిస్తే, అతను గుమ్మంలో నిలబడి నాలుగుసార్లు వాటిని పిలిపించి చూశాడు. "సార్, వీటికి పేర్లు రావు. 'ట్టీ' అంటే అన్నం అని మాత్రం తెలుసు" అన్నాడు. పొట్టి పేరు ఆ పూటే మార్చేశాం. ఒంటి రంగుని బట్టి రాగులు అయింది. అప్పటికే అది చిట్టి కన్నా రెండంగుళాలు పొడవు కూడా పెరిగింది, కాబట్టి ఎలాగూ మార్చాల్సిందే.

అతను వెళ్ళాక నేను మళ్ళీ మళ్ళీ పిలిచి చూశాను. అప్పుడు కనిపించింది, అంతకుముందు కనపడనిది. నేను పిలవగానే అవి నావైపు చూడటం లేదు. ముందు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి. చిట్టి కదిలితే రాగులు కదులుతోంది. రాగులుకి నా గొంతుతో పనే లేదు.

ఒకటీ ఒకటీ మూడు

ఒక్క కుక్కపిల్ల ఉన్న ఇంట్లో, హాల్లో మడుగు కనిపిస్తే ఎవరి పనో తెలుస్తుంది. లేవగానే, తినగానే, ఆడి అలిసిపోగానే దాన్ని బయటికి తీసుకెళ్ళి, పని కాగానే మెచ్చుకుని చిన్న చికెన్ ముక్క పెడుతూ ఉంటే దారికొస్తుంది. మా ఇంట్లో మడుగులున్నాయి, ముద్దాయి లేడు. పరిచిన జిల్లా పేపరు మీద ఒకటి కూర్చునేలోపే రెండోది ఆ పేపర్ని అవతలి కొసనుంచి చింపుతూ ఉండేది. పేపరు మీద పోసినందుకు చిట్టికి ముక్క పెడితే, "అది కాదండీ, పోసింది రాగులు" అని మా ఆవిడ వంటింట్లోంచి అరిచేది. పోయకుండానే బహుమతి కొట్టేసిన చిట్టి దాన్నుంచి ఏం నేర్చుకుందో నాకు ఈ రోజుకీ తెలీదు.

తిండి సంగతీ ఇంతే. రాగులు తన గిన్నె అర నిమిషంలో ఖాళీ చేసి చిట్టి గిన్నెలో తల దూర్చేది. చిట్టి ఏమీ అనేది కాదు. అక్క కదా, పంచుకుంటోంది అనుకున్నాం. చిట్టి పంచుకోవడం లేదని, భయపడి గబగబా మింగడం మొదలుపెట్టిందని, అది రెండుసార్లు మింగిందంతా కక్కాక అర్థమైంది. ఆ తర్వాత ఒకదాని గిన్నె వంటింట్లో, రెండోదాని గిన్నె బాత్రూమ్‌లో, మధ్యలో తలుపు మూసి. పెరుగన్నంలో ఉడకబెట్టిన గుడ్డు చిదిపి పెట్టడానికి కాపలా అవసరమవుతుందని ముందు ఎవరన్నా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

అసలు లెక్క తప్పింది టైము దగ్గర. ఒకదానికి రోజుకి అరగంట అయితే రెండింటికి గంట అనుకున్నాను. కాదు. చిట్టికి అరగంట, రాగులుకి అరగంట, రెండూ కలిసి ఉన్నప్పుడు అదే పాఠం మళ్ళీ ఇంకో అరగంట. ఎందుకంటే గదిలో నాతో ఒక్కతే ఉన్నప్పుడు "కూర్చో" అనగానే కూర్చునే చిట్టి, చెల్లెలు పక్కనుంటే ఆ మాట పుట్టి బుద్ధెరిగాక విననట్టు చూస్తుంది. మా ఇంట్లో ఉన్నవి మూడు కుక్కలు. చిట్టి, రాగులు, ఆ జంట. మూడోదే అందర్లోకీ మొండిది.

అదీగాక, తొలి నెలల్లో పోగొట్టుకున్న టైము తర్వాత తెచ్చుకోలేం. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1950ల్లో అమెరికాలోని బార్ హార్బర్‌లో కుక్కపిల్లల మీద ఏళ్ళ తరబడి చేసిన పనిలో తేలింది ఏమిటంటే, మూడో వారం నుంచి దాదాపు పన్నెండో వారం దాకా పిల్ల దేన్ని దగ్గరగా, భయం లేకుండా చూస్తుందో దాన్ని తనదిగా చేసుకుంటుంది. సిలిండర్ దొర్లించే చప్పుడు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, కర్ర పట్టుకుని నడిచే ముసలాయన, వినాయకచవితి డప్పులు, అన్నీ ఆ వారాల్లోనే పరిచయం కావాలి. కానీ సరిగ్గా అప్పుడే పార్వో అనే, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బుకి టీకాల వరస నడుస్తూ ఉంటుంది. ఆరో వారమో ఎనిమిదో వారమో మొదలై పదహారో వారం దాకా సాగుతుంది. ఈలోగా వీధిలో నేల మీద దింపొద్దంటారు డాక్టర్లు. ఒక పిల్లైతే చంకలో పెట్టుకుని వీధంతా చూపించొచ్చు. రెండింటినీ చంకలో వేసుకుని కూరగాయల సంతకి వెళ్ళి చూడండి. నేను వెళ్ళాను. ఒక్కసారే. ఆ తర్వాత "ఒకదానికొకటి ఉన్నాయి కదా, ఆడుకుంటాయిలే" అని ఇంట్లోనే వదిలేశాను. ఆ ఒక్క వాక్యం మీద నేను ఎన్ని పనులు ఎగ్గొట్టానో లెక్కలేదు. ఆఫీసు కాల్‌లో ఉంటే అదే వాక్యం. నిద్రొస్తే అదే. తోడు వాటికి కాదు, నా బద్ధకానికి దొరికింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కొరుకుడు ఎంత గట్టిగా కొరకాలో అవి ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకున్నాయి. ఒకటి కీచుమంటే రెండోది వదిలేసేది. ఒంటరిగా పెరిగిన మా బావమరిది కుక్క ఏడాది దాకా అందరి చేతులూ గీరింది.

అసలు అలాంటి జబ్బే లేదంటారు

వెతికితే దీనికి ఇంగ్లిష్‌లో ఒక పేరుంది, లిటర్‌మేట్ సిండ్రోమ్ అని. ఒకే కాన్పు పిల్లలు ఒకే ఇంట్లో పెరిగితే మనుషులకి అంటుకోవు, ఒకటి లేకపోతే రెండోది బెంబేలెత్తిపోతుంది, పెద్దయ్యాక కొట్టుకుంటాయి అంటారు ట్రెయినర్లు. నాకు ఆ పేరు మీద నమ్మకం లేదు. వెటర్నరీ పుస్తకాల్లో అది ఒక రోగం కాదు. కలిసి పెరిగి నిక్షేపంగా ఉన్న జంటలు నాకే రెండు తెలుసు. బాగా ఉన్న జంటల గురించి ట్రెయినర్‌కి ఎవరూ ఫోన్ చేయరు. అతనికి కనిపించేవి చెడినవే. కాబట్టి అతని లెక్కని ఉన్నదున్నట్టు నమ్మలేం.

కానీ సిండ్రోమ్ అబద్ధమైనా నా గోడు అబద్ధం కాదు. అది రోగం కాదు, పని లోటు. రెండు పిల్లల వల్ల వచ్చింది కాదు, రెండింటికీ సరిపోని ఒక మనిషి వల్ల వచ్చింది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నట్టు. అంధులకి దారి చూపే కుక్కల్ని తయారుచేసే సంస్థలు ఒక కాన్పు పిల్లల్ని ఎనిమిది వారాల ఈడులోనే వేరువేరు కుటుంబాలకి పెంపకానికి పంచేస్తాయి. ఆ పిల్లల మీద ప్రేమ లేక కాదు కదా.

మా ఆవిడ అడిగింది ఇంకో ప్రశ్న. దీనికి జవాబు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. "మరి వీధిలో అన్నీ కలిసే పెరుగుతున్నాయి కదండీ, వాటికి ఏ రోగమూ రాదే?" కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్సు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వీధికుక్కల పిల్లల్ని 364ని వెంబడించి లెక్క రాసుకున్నారు. 2016లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం ఏడో నెల దాకా బతికినవి నూటికి 19. అంటే వీధిలో "కలిసి పెరగడం" అనేది చాలామటుకు పసితనంతోనే ఆగిపోతుంది. మా ఇంట్లో అసలు గొడవలన్నీ ఏడో నెల దాటాకే మొదలయ్యాయి. మిగిలిన ఆ 19 కూడా పదకొండు వందల చదరపు అడుగుల ఫ్లాట్‌లో ఒకే సోఫా కోసం పోటీపడవు. ఒకదానికొకటి పడనప్పుడు ఒకటి పక్క వీధికి పోతుంది. నా దగ్గర పక్క వీధి లేదు. బాల్కనీ ఉంది, అదీ బట్టలారేసే తీగతో కలిపి.

ఈ జవాబు నాకు పూర్తిగా నచ్చదు, చెప్తున్నాను. చావుల లెక్కని నా సౌకర్యానికి వాడుకున్నట్టు ఉంటుంది. పైగా ఆ లెక్కే తిప్పి కొట్టొచ్చు. ఆ రోజు నేను ఒకదాన్నే తెచ్చి ఉంటే రెండోది ఎటు పోయేది?

ఆపరేషన్ రాత్రి

ఆరో నెల దాటాక ఆడపిల్లలు రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలన్నాడు డాక్టరు. ఒకే రోజు వద్దు, చూసుకోలేరు, రెండు వారాల తేడాతో చేద్దాం అన్నాడు. ముందు చిట్టి. రాత్రికి క్లినిక్‌లోనే ఉంచారు.

చిట్టిని దింపి ఇంటికొచ్చేసరికి లిఫ్ట్ తలుపు తెరుచుకోకముందే కేక వినిపించింది. రాగులు అరవడం లేదు, ఊళ పెడుతోంది. మా అమ్మ తలుపు దగ్గర కూర్చుని దాన్ని నిమురుతోంది. "అరేయ్, చెల్లె అక్క కోసం గిట్ల ఏడుస్తుంటే చూడబుద్ధి అయితలేదురా" అంది. నేల గీకి గీకి ముందుకాళ్ళ గోళ్ళు రెండు విరిగాయి. చికెన్ పెడితే వాసన చూడలేదు. నేను పక్కన పడుకుంటే నన్ను తొక్కుకుంటూ తలుపు దగ్గరికి పోయింది. పక్కింటివాళ్ళు రెండుసార్లు బెల్ కొట్టారు. మా ఇంట్లో ఆరు నెలల నుంచి ఉన్న కుక్కకి ఆ రాత్రి మేం నలుగురం ఉన్నా ఎవ్వరం లేనట్టే.

అమ్మ చెప్పినట్టు అది ప్రేమే అనుకుందాం. కానీ ఎప్పుడూ పది నిమిషాలు కూడా ఒంటరిగా ఉండని పిల్లకి ఒంటరితనం నేర్పాల్సింది నేను. నేర్పలేదు. వాటికి నేను అంటగట్టినదాన్నే బంధం అంటున్నాను. ఫొటో కింద గుండె బొమ్మలు పెట్టే వాళ్ళు చూసేది మెడ మీద వాల్చిన తల. ఆ తల తీసేస్తే కింద ఏముంటుందో నేను చూశాను.

ఆ తర్వాత రెండు నెలలు మా ఇంట్లో గడియారం పెట్టుకుని విడదీశాం. రెండు నిమిషాలు ఒకటి గదిలో, ఇంకొకటి హాల్లో. తర్వాత ఐదు. తర్వాత పదిహేను. రెండు ఇనప బోన్లు కొన్నాం. "జైల్ల ఏసినట్టున్నది" అని అమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పొద్దున వాకింగ్ కూడా ఒకదాని తర్వాత ఒకటి. రాగులు మొదటిసారి ఒక్కతే మెట్ల దగ్గరికి వచ్చినప్పుడు దిగలేదు. అన్నాళ్ళూ చిట్టి తోక చూసుకుంటూ దిగేది. పందొమ్మిది మెట్లు దిగడానికి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు మా వాచ్‌మన్ దగ్గరికి తనే వెళ్ళి చెప్పు వాసన చూసింది. ఇది చిన్న సంగతే. కానీ అది అంతకుముందు ఎవరి దగ్గరికీ తనంతట తాను వెళ్ళిన కుక్క కాదు.

తగాదా గురించి ఎక్కువ రాయను. తొమ్మిదో నెలలో మామిడి టెంక కోసం పట్టుకున్నాయి. ఒకే ఇంటి కుక్కల కొట్లాటల్లో ఆడా ఆడా జంటలే ఎక్కువ కనిపిస్తాయని తర్వాత చదివాను. నేను మధ్యలో చేయి పెట్టాను, పెట్టకూడదు. నీళ్ళు కొట్టాలి, దుప్పటి వేయాలి, మధ్యలో అట్టో కుర్చీయో దూర్చాలి. ఎవరి పన్ను దిగిందో కూడా తెలీదు. సబ్బుతో పదిహేను నిమిషాలు కుళాయి కింద కడిగి ఆసుపత్రికి పోయాను. ఇంటి కుక్కే, టీకా వేయించాం అన్నా డాక్టరు వినలేదు, మంచిపని చేశాడు. రేబిస్ సూది ఆ రోజు, మూడో రోజు, ఏడు, పధ్నాలుగు, ఇరవై ఎనిమిది. అమ్మ మాత్రం బొడ్డు చుట్టూ పొడుస్తారేమోనని ఇరవై ఎనిమిదో రోజు దాకా భయపడింది.

గొర్రెల కాపరి చెప్పింది

మా నాన్న ఊరు పాలమూరు వైపు. అక్కడ కురుమల మందల వెంట రెండు మూడు కుక్కలు ఎప్పుడూ ఉంటాయి. పోయిన దసరాకి వెళ్ళినప్పుడు ఒక కాపరిని అడిగాను, ఇన్నిటిని ఎట్లా దారిలో పెడతావు అని. ఆయన నన్ను వింతగా చూశాడు. "పిల్లకు నేను నేర్పేదేముంటది సారూ, పెద్దది నేర్పుతది" అన్నాడు. ఆయన దగ్గర ఒకే ఈడువి రెండు లేవు. ఒకటి ముసలిది, ఒకటి మూడేళ్ళది, ఒకటి ఆ ఏటి పిల్ల. ముసలిది లేచిందాకా పిల్ల లేవలేదు.

నా అభ్యంతరం రెండు కుక్కల మీద కాదు, రెండు పసివాటి మీద అని నాకే స్పష్టమైంది అక్కడ. ఇంట్లో బుద్ధిగా పెరిగిన రెండేళ్ళ కుక్క ఉంటే దాని పక్కన ఒక పిల్లని తేవడం వేరు. పిల్ల చూసి నేర్చుకోవడానికి ఎదురుగా ఏదో ఉంటుంది. రెండూ పసివైతే ఒకదాని తెలివితక్కువతనమే రెండోదానికి గురువు. అప్పటికే పెంచుతున్నవాళ్ళు వదిలేయమని కూడా అనడం లేదు. మా రెండూ ఇప్పుడు నాలుగేళ్ళవి. బాగానే ఉన్నాయి, ఎక్కువ రోజులు. తిండి ఇప్పటికీ రెండు గదుల్లోనే. ఎముక అనేది ఇంట్లోకి రాదు.

మంగళవారం ఉండబట్టలేక ఆ ఫొటో పెట్టిన ఆవిడకి ఫోన్ చేశాను. ఇదంతా కాస్త తగ్గించి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. తర్వాత ఆవిడ అన్న మాటకి నా దగ్గర సిద్ధంగా ఏమీ లేదు. "మీరన్నది నాకూ తెలుసండీ. విడిగా ఇస్తామంటే తెల్లమచ్చలదాన్ని అదే రోజు తీసుకెళ్తారు. నల్లదాన్ని ఎవరూ అడగరు. అందుకే జంట అని పెడతాను." జంట అనేది ఆవిడకి బంధం కాదు, ఒకదాన్ని అమ్ముడుపోయేలా చేసే కొసరు. అది తప్పని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అయినా అన్నాను, ఆ కొసరు ఖరీదు తీసుకున్న ఇల్లు ఏడో నెల నుంచి కడుతుంది, కట్టలేనివాళ్ళు రెండింటినీ మళ్ళీ రోడ్డు మీద దింపుతారు అని. నల్లదానికి ఇల్లు దొరికేదాకా మా దగ్గర ఉంచుతానని కూడా అన్నాను. ఈ చివరి మాట మా ఆవిడ వినలేదనుకున్నాను. విన్నది. "మూడో బోను కొంటే అందులో పడుకునేది మీరు" అంది.

నిన్న సాయంత్రం గ్రూపులో మళ్ళీ మెసేజ్ వచ్చింది. జంటగానే అన్న మాట లేదు. రెండు ఫొటోలు, విడివిడిగా. రాత్రి పది గంటలకి అడిగితే తెల్లమచ్చలదానికి నాలుగు ఫోన్లు వచ్చాయన్నారు. నల్లదానికి ఇంకా ఒక్కటీ రాలేదు.